అఫిడవిట్ స్కానా, మైనేతానా?

పర్లాకిమిడిలో మా ఇంట్లో తెలుగే. ఒడియా మాట్లాడతాం గానీ, చదవాలంటే తంటా. 2024లో అసెంబ్లీకీ, బరంపురం లోక్‌సభకూ ఒకేసారి ఓటెయ్యాల్సొచ్చింది.

అప్పుడు ఎన్నికల సంఘం కేవైసీ (నో యువర్ క్యాండిడేట్, అంటే మీ అభ్యర్థిని తెలుసుకోండి) యాప్‌లో అభ్యర్థి సంతకం చేసిన ఫారం 26, అంటే నామినేషన్‌తో ఇచ్చే అఫిడవిట్, స్కాన్ దొరికింది. కేసులు, అప్పులు, చదువు, చివరికి భార్య పేరున ఉన్న బంగారం కూడా అందులో రాయాల్సిందే. అసలు కాగితం కాబట్టి నాకు దానిమీదే గురి. కాకపోతే ఒడియా చేతిరాత ఎదురైతే బడికెళ్లే మా అమ్మాయిని బతిమాలుకోవాలి. ఆస్తుల పేజీ దగ్గర "ఇన్ని సున్నాలేంటి నాన్నా" అంటుంది.

ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థ ఏడీఆర్ వాళ్ల మైనేతా వెబ్‌సైట్‌లో అవే వివరాలు ఇంగ్లిష్ పట్టికల్లో ఉంటాయి. మళ్లీ పోటీ చేసేవాళ్ల పాత ఆస్తులతో పోల్చుకోవడం తేలిక. తొందరలో ఉంటే ఇదే మేలు. అంకె మీద అనుమానమొస్తే మాత్రం స్కాన్ తెరుస్తాను.