కెనెడీ సంతకంతో అమ్ముతున్న ఉత్తరాలు కొనేముందు జాగ్రత్త

అమెరికా అధ్యక్షుల పాత ఉత్తరాలు సేకరించే మిత్రులు ఇది తప్పక చదవండి. క్యూబా క్షిపణుల సంక్షోభం (1962లో క్యూబాలో సోవియట్ అణు క్షిపణులు బయటపడి అమెరికా, సోవియట్ యూనియన్ యుద్ధం అంచుదాకా వెళ్లిన రోజులు) నాటిదంటూ ఆన్‌లైన్‌లో జాన్ ఎఫ్. కెనెడీ ఉత్తరం ఒకటి కొన్నాను. ధర 1,800 డాలర్లు. వైట్‌హౌస్ లెటర్‌హెడ్, కింద సంతకం, వెంట అసలైనదేనని ఒక సర్టిఫికెట్. ఆ సర్టిఫికెట్ ఇచ్చింది కూడా అమ్మినవాళ్లే.

తేదీ 1962 అక్టోబర్ 19. క్యూబాలోని సోవియట్ క్షిపణుల విషయంలో మీరిచ్చిన మద్దతుకు ధన్యవాదాలని ఎవరో మామూలు పౌరుడికి రాసినట్టుంది. ఇది జరిగే పని కాదు. అమెరికా గూఢచారి విమానం యూ-2 తీసిన ఆ క్షిపణుల ఫొటోల గురించి కెనెడీకి తెలిసింది 16న. ఆయన టీవీలో దేశానికి చెప్పింది 22 సాయంత్రం. ఈలోగా సంగతి బయటకు పొక్కకూడదనే 19న ముందే ఖరారైన ఎన్నికల ప్రచారానికి వెళ్లారు. మర్నాడు జలుబు చేసిందని చెప్పి షికాగో నుంచి వాషింగ్టన్‌కు తిరిగొచ్చారు. అంత గుట్టుగా ఉంచిన విషయం మీద ఆ పౌరుడు ముందే మద్దతు ఎలా తెలిపాడు? పైగా చిరునామాలో ఐదంకెల జిప్ కోడ్ (మన పిన్ కోడ్ లాంటిది) ఉంది. ఆ పద్ధతి మొదలైందే 1963 జులై 1న.

తేదీలన్నీ సరిపోయినా సంతకాన్ని నమ్మకండి. కెనెడీ కార్యాలయంలో సంతకాన్ని అచ్చంగా అలాగే గీసే ఆటోపెన్ యంత్రం బాగా వాడేవారు. కార్యదర్శి ఈవ్లిన్ లింకన్ కూడా ఆయన పేరు సంతకం చేసేవారు. మనిషి చేతి సంతకం ప్రతిసారీ కొంచెం మారుతుంది, కెనెడీది మరీ మారేది. రెండు సంతకాలు ఒకదాని మీద ఒకటి పెడితే అచ్చంగా కలిశాయంటే అది యంత్రం పనే. బోస్టన్‌లోని కెనెడీ లైబ్రరీ చాలా పత్రాలను ఆన్‌లైన్‌లో పెట్టింది, డబ్బు కట్టకముందే పోల్చి చూడండి.

వాపసు అడిగితే మొదట సర్టిఫికెట్ ఉంది కదా అన్నారు, తర్వాత జవాబే లేదు. క్రెడిట్ కార్డుతో కట్టాను కాబట్టి బ్యాంకులో ఫిర్యాదు చేయగలిగాను, అదింకా నడుస్తోంది. నేరుగా ఖాతాకు పంపమంటే మాత్రం ఒప్పుకోకండి.

డబ్బు కంటే నాకు బాధ కలిగించేది వేరు. అణుయుద్ధం వస్తుందేమోనని వణికిపోయిన జనం ఆ రోజుల్లో అధ్యక్షుడికి నిజంగానే ఉత్తరాలు రాశారు. ఇలాంటి నకిలీలు వాటి మధ్య చేరితే రేపు చదివేవాళ్లు దేన్ని నమ్మాలి? అదే అమ్మకందారు ఇప్పుడు 1961 బెర్లిన్ గోడ నాటిదని ఇంకో ఉత్తరం పెట్టారు. దయచేసి ఎవరూ తొందరపడకండి.