రోజూ వచ్చే సీరియలా, వారానికోసారి వచ్చే కార్యక్రమమా: ఏది మేలు?

మా అత్తయ్య సాయంత్రం ఏడున్నరకు టీవీ ముందు కూర్చుని మునగాకు దూస్తారు. సీరియల్ చూస్తారని అంటాం గానీ, నిజానికి ఆవిడ వింటారు. కళ్ళు చేట మీద, చెవులు టీవీ వైపు. ఎవరైనా గట్టిగా ఏడిస్తేనో, సంగీతం ఉన్నట్టుండి పెరిగితేనో ఒక్కసారి తలెత్తి చూసి మళ్ళీ ఆకు మీదికి వస్తారు. మాది విజయవాడ సత్యనారాయణపురం. ఇళ్ళు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి కాబట్టి పక్కింటి సీరియల్ కూడా మా వంటింట్లోకి వినిపిస్తుంది.

ఒకరోజు దూరదర్శన్‌లో అమరావతి శిల్పాల మీద కార్యక్రమం వస్తుంటే నేనే ఛానెల్ మార్చాను. అత్తయ్య పది నిమిషాలు ఓపిక పట్టి, "చేతిలో పనుంటే ఇది ఎట్లా చూసేది అమ్మాయ్? తలెత్తి చూస్తేగానీ అర్థం కావట్లేదు" అన్నారు. కోపంగా కాదు, చూడాలని ఉండే అన్నారు. కాసేపాగి, "ఆదివారం పెట్టు, కూర్చుని చూస్తా" అన్నారు.

ఛానెళ్ళు బుర్రకు పని చెప్పే కార్యక్రమాలను పక్కన పెట్టి తేలికపాటివే ఎందుకు వేస్తాయని అందరం అడుగుతుంటాం. జనానికి అవే కావాలి అని ఒకరంటారు, ఛానెళ్ళే జనాన్ని చెడగొట్టాయి అని ఇంకొకరంటారు. ఈ రెండు మాటలూ నాకు నచ్చవు. మా అత్తయ్యకు తెలివి తక్కువ కాదు, ఆసక్తీ తక్కువ కాదు. ఆ గంటలో ఆవిడ చేతులు ఖాళీగా లేవు, అంతే. అందుకే తెలివైనదా, తేలికైనదా అని కాకుండా, రోజూ వచ్చేదా, వారానికోసారి వచ్చేదా అని పోల్చి చూస్తే అసలు సంగతి బయటపడుతుందని నా నమ్మకం.

రాసేవాళ్ళకు దొరికే సమయం

ముందు చిన్న లెక్క. మన దేశంలో గంటకు 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదని నిబంధన. అందులో 10 నిమిషాలు వ్యాపార ప్రకటనలకు, 2 నిమిషాలు ఛానెల్ సొంత ప్రచారానికి. అంటే అరగంట సీరియల్‌లో కథకు సుమారు 24 నిమిషాలు. తెలుగు సీరియళ్ళు చాలావరకు సోమవారం నుంచి శనివారం దాకా, వారానికి 6 ఎపిసోడ్లు వస్తాయి. ఆరు ఇరవైనాలుగులు 144 నిమిషాలు. అది ఒక పూర్తి సినిమా నిడివి! సినిమాకు కథ, మాటలు రాయడానికి నెలలు పడుతుంది. సీరియల్ రాసేవాళ్ళు వారానికో సినిమా రాయాలి, అదీ ఏళ్ళ తరబడి. ఎంత ప్రతిభ ఉన్న రచయిత అయినా ఆ పరుగులో కొత్త ఆలోచన ఎక్కడి నుంచి తెస్తాడు? ఒక చెంపదెబ్బను మూడు వైపుల నుంచి చూపించడం, ఒక చూపును అరనిమిషం సాగదీయడం, నిన్నటి సన్నివేశాన్ని ఇవాళ మళ్ళీ వేయడం సోమరితనం అని నేను అనను. 144 నిమిషాలు నింపడానికి వేరే దారి లేదు. పైగా ఆకు దూసుకుంటూ వినే మనిషికి ఆ సాగదీతే సౌకర్యం. ఒక సన్నివేశం తప్పిపోయినా కథ తప్పిపోదు.

ఇప్పుడు రెండోవైపు చూడండి. జెమినీలో 2001 నవంబర్ నుంచి 2007 నవంబర్ దాకా ఆదివారం రాత్రుళ్ళు 'అమృతం' అనే హాస్య కార్యక్రమం వచ్చింది. ఆరేళ్ళలో 313 ఎపిసోడ్లు. వారానికి ఆరు చొప్పున నడిచే సీరియల్‌కు 313 ఎపిసోడ్లు అంటే ఏడాది పని. ఒకరికి ఆరేళ్ళు పట్టిన దాన్ని మరొకరు ఒక్క ఏడాదిలో చుట్టేయాల్సి వస్తే రెండూ ఒకేలా ఎలా ఉంటాయి? అమృతంలో ప్రతి వారం ఒక కొత్త చిక్కు, ఆ చిక్కుకో ముడి, చివర్లో ఆ ముడి విప్పడం. మాట మాటకీ నవ్వు. ఆ నవ్వు మనిషి అత్యాశ మీద, భయం మీద వచ్చేది. శ్రద్ధగా వింటేగానీ సగం జోకులు అందవు. అయినా జనం చూశారు. తర్వాత అవే ఎపిసోడ్లు యూట్యూబ్‌లో పెడితే, అవి మొదట వచ్చేనాటికి పుట్టని పిల్లలు కూడా చూశారు, మా అబ్బాయి వాళ్ళలో ఒకడు. పదిహేనేళ్ళ కిందటి రోజువారీ సీరియల్‌ను ఇప్పుడు తీసి మొదటి నుంచీ చూసేవాళ్ళు నాకైతే కనిపించలేదు.

ఇంకోటి 'పాడుతా తీయగా'. 1996లో ఈటీవీలో మొదలైంది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఒక్క పాట పాడించి మార్కులు వేసి పంపేసేవారు కాదు. ఆ పాట ఎవరు రాశారు, ఆ పదానికి అర్థం ఏమిటి, ఆ స్వరం అక్కడ ఎందుకు పెట్టారు, పిల్ల ఎక్కడ శ్రుతి తప్పింది, అన్నీ చెప్పేవారు. సంగీతం నేర్పే తరగతి లాంటిది అది. ఇంటిల్లిపాదీ కూర్చుని చూశాం. కష్టమైన సంగతిని ప్రేమగా చెబితే జనం పారిపోరు.

ఛానెల్ ఖాతాపుస్తకం

ఇంత మంచిదైతే ఛానెళ్ళు వారపు కార్యక్రమాలను ఎందుకు తగ్గించాయి? ఇక్కడ ఛానెల్ వైపు నుంచి కూడా న్యాయంగా చూడాలి. సీరియల్‌కు ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటే ఏళ్ళ తరబడి అదే హాలు, అదే మెట్లు, అదే పూజగది. ఒకే ఖర్చు వందల ఎపిసోడ్లకు సర్దుకుంటుంది. వేరే భాషలో ఆడిన కథ హక్కులు కొనుక్కుంటే నష్టం భయం ఇంకా తగ్గుతుంది. అన్నిటికంటే ముఖ్యం అలవాటు. ఏడున్నర అయితే చెయ్యి దానంతటదే రిమోట్ మీదికి పోతుంది. సబ్బులు, నూనెలు, బంగారం, చీరలు అమ్మేవాళ్ళకు కావాల్సింది ఆ ఖాయమైన సాయంత్రమే. వారానికోసారి వచ్చేది ఆ అలవాటు చేయలేదు, అమ్ముకోవడానికి ఆరో వంతు సమయమే ఇస్తుంది.

దీనికి తోడు టీఆర్పీ, అంటే ఏ కార్యక్రమాన్ని ఎంతమంది చూశారన్న లెక్క. 2015 నుంచి ఈ లెక్కలు బార్క్ ఇండియా అనే సంస్థ ఇస్తోంది. దేశంలో టీవీ ఉన్న ఇళ్ళు 20 కోట్లకు పైనే. ఏం చూస్తున్నారో లెక్క కట్టే మీటర్లు పెట్టిన ఇళ్ళు 50 వేలకు పైగా. అంటే ఒక్కో మీటరు ఇల్లు దాదాపు నాలుగు వేల ఇళ్ళ తరఫున మాట్లాడుతుంది. టీవీ ముందుకు వచ్చినవాళ్ళు తమ పేరున్న బటన్ నొక్కాలి. ఏ ఛానెల్ నడుస్తోందో శబ్దంలో కలిపిన గుర్తును బట్టి మీటరు పట్టుకుంటుంది. ఈ పద్ధతి మనిషి గదిలో ఉన్నాడా అన్నది చెబుతుంది. మనసు పెట్టి చూశాడా, మర్నాడు దాని గురించి ఎవరితోనైనా మాట్లాడాడా అన్నది చెప్పదు. మునగాకు దూస్తూ విన్న అరగంటా, రెప్ప వేయకుండా చూసిన అరగంటా ఆ లెక్కలో సమానమే. ప్రతి గురువారం ఈ అంకెలు వస్తాయంటే ఛానెళ్ళలో టెన్షన్ మొదలవుతుంది. అంకె పడిపోతే స్లాట్ మారుతుంది, ఇంకా పడితే కార్యక్రమమే ఆగిపోతుంది. నిదానంగా జనానికి ఎక్కే కార్యక్రమానికి ఆ గడువు ఎక్కడ దొరుకుతుంది?

అమెరికాలో ఎన్‌బీసీ నెట్‌వర్క్‌లో ప్రేక్షకుల లెక్కలు చూసిన పాల్ క్లైన్ అనే ఆయన 1970ల మొదట్లోనే ఒక మాట చెప్పాడు. జనం ఫలానా కార్యక్రమం కోసం టీవీ పెట్టరు, ముందు టీవీ పెడతారు, ఆ తర్వాత ఉన్నవాటిలో ఎవరికీ పెద్దగా అభ్యంతరం లేనిదాన్ని ఉంచుతారు అని. ఒకే టీవీ ఉన్న ఇంట్లో ఇది ఎంత నిజమో మనకు తెలుసు. తాతగారు, మనవడు, కోడలు, ముగ్గురిలో ఎవరూ లేచి వెళ్ళనిదే చివరికి నడుస్తుంది. ఇప్పుడు మనవడి చేతిలో ఫోన్ ఉంది, వాడు వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళ కోసమే ఛానెల్ వండుతోంది. దాంతో వెళ్ళినవాడు తిరిగి రావడానికి కారణమే లేకుండా పోతోంది.

సీరియల్‌లో ఉన్న మేలు

సీరియల్‌ను చులకనగా మాట్లాడేవాళ్ళంటే నాకు బాధ. మా వెనక వీధిలో ఒక పెద్దావిడ ఉన్నారు. భర్త పోయారు, పిల్లలు విదేశాల్లో. సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదిన్నర దాకా ఆ ఇంట్లో వినిపించే మనుషుల గొంతులు సీరియల్‌వే. "వాళ్ళు రోజూ వస్తారమ్మా" అంటారావిడ. ఆ తోడు వారపు కార్యక్రమం ఇవ్వలేదు. వారానికోసారి వచ్చే మనిషి చుట్టం, రోజూ వచ్చే మనిషి ఇరుగుపొరుగు. ఒంటరితనానికి ఇరుగుపొరుగే కావాలి. నటులకు, టెక్నీషియన్లకు నెలనెలా పని దొరికేది కూడా దీనివల్లనే.

అయితే తోడు ఇవ్వడానికి విషం కలిపిన పాయసాలు, ఆడదానికి ఆడదే శత్రువు అన్న కథలు అక్కర్లేదు. రోజూ వచ్చినా మంచిగా ఉండొచ్చని మన ఊరి రేడియోయే చూపించింది. 1948 డిసెంబర్ 1న మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం నుంచి పొద్దున్నే వచ్చే భక్తిరంజని రోజువారీ కార్యక్రమమే. బాలాంత్రపు రజనీకాంతరావు గారి వంటి వాగ్గేయకారుడు దాన్ని తీర్చిదిద్దారు. వంట చేసుకుంటూ, ముగ్గు వేసుకుంటూ వినేదే, అయినా అందులో సాహిత్యం ఉంది, సంగీతం ఉంది. ఇక ఉషశ్రీ గారి రామాయణ భారతాలు ఆదివారం మధ్యాహ్నాలవి. ఆ గొంతు వస్తుంటే కిళ్ళీ బడ్డీల దగ్గర జనం ఆగిపోయేవాళ్ళని మా నాన్న ఇప్పటికీ చెబుతారు. గుంటూరు, తెనాలి వైపు పరిషత్తు నాటికలకు పగలంతా పొలంలో పనిచేసిన మనుషులు రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుంటారు. ఇలాంటి జనానికి బరువైనది ఎక్కదని ఎవరన్నా ఎలా నమ్మను?

ప్రభుత్వ ఛానెల్ ఉందిగా అనొచ్చు. సప్తగిరిలో ఇప్పటికీ మంచి సంగతులు వస్తాయి. ఎప్పుడు ఏది వస్తుందో చూసేవాళ్ళకు తెలియకపోవడమే దాని బాధ. అంకెల భయం లేకపోవడం మంచిదే, కానీ పిలిచి కూర్చోబెట్టాలన్న ఆరాటం కూడా ఉండాలి. ప్రైవేటు ఛానెళ్ళు రోజుకు 30 నిమిషాలు విద్య, వ్యవసాయం, ఆరోగ్యం వంటి ప్రజోపయోగ విషయాలు వేయాలని 2022 మార్గదర్శకాల్లో ఉంది. అయితే దాన్ని ముక్కలుగా విడగొట్టుకోవచ్చు, అర్ధరాత్రి నుంచి పొద్దున ఆరు దాకా తప్ప ఎప్పుడైనా వేసుకోవచ్చు. కాబట్టి అందరూ టీవీ ముందుండే రాత్రి ఎనిమిదిన్నరకు వచ్చేవాటిలో దానివల్ల ఏమీ మారదు.

ఇంటర్నెట్‌లో చూసే ఓటీటీల సంగతి వేరు. అక్కడ చందా కట్టేది చూసేవాళ్ళే కాబట్టి వాళ్ళు గుర్తుపెట్టుకునేది తీయాలి. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో ఒక మధ్యతరగతి కుటుంబం మీద వచ్చిన ఆరు ఎపిసోడ్ల చిన్న సిరీస్‌ను జనం ఎంత ఆదరించారో చూశాం. పరిమితంగా రాసుకునే వీలుంటే తెలుగులో రాయగలిగేవాళ్ళు ఉన్నారన్నమాట. కానీ చందా, పాస్‌వర్డ్, యాప్ అంటే మా అత్తయ్య లాంటివాళ్ళు దూరమైపోతారు. మంచిదంతా అక్కడికే పోతే మామూలు టీవీ చూసేవాళ్ళకు మిగిలేదేమిటి?

అందుకే నా మాట ఇది. పనిలో ఉన్న సాయంత్రాలకు రోజువారీదే మేలు, అందులో విషం తగ్గిస్తే ఇంకా మేలు. గుర్తుండేది, ఇంట్లో అందరూ కలిసి మాట్లాడుకునేది కావాలంటే వారపుదే మేలు. రెంటిలో ఒక్కటే ఉంచమంటే నేను వారపుదాన్నే ఉంచుతాను. నేను ఛానెళ్ళను అడిగేది ఆరు రోజుల సీరియళ్ళు ఆపమని కాదు. ఆదివారం రాత్రి ఎనిమిదిన్నరకు ఒక్క అరగంట, గురువారం అంకెలు చూసి తీసేయకుండా కనీసం ఏడాది ఉంచమని, రచయితకు వారం రోజులు ఊపిరి తీసుకోనివ్వమని. ఊరి నిండా ప్రకటనలిచ్చే మన బెజవాడ, గుంటూరు వ్యాపారులు కూడా ఆ ఒక్క అరగంటకు అండగా నిలబడొచ్చు.

అమరావతి శిల్పాల కార్యక్రమం తర్వాత యూట్యూబ్‌లో దొరికింది. ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక పెట్టాను. అత్తయ్య చేట పక్కన పెట్టి, కళ్ళజోడు తుడుచుకుని వచ్చి కూర్చున్నారు.