కొచ్చి బినాలేకి అమ్మని తీసుకెళ్లాను

ఫోర్ట్ కొచ్చి వెళ్లిన మనోళ్లు చాలామంది చైనా వలల దగ్గర ఫోటో దిగి మధ్యాహ్నానికి మున్నార్ బండి ఎక్కేస్తారు, కానీ బినాలే జరిగే సీజన్లో వెళ్తే మాత్రం దయచేసి రెండు రోజులు అక్కడే ఉండండి. 2012 డిసెంబర్ 12న మొదలైన ఆర్ట్ ఎగ్జిబిషన్ ఇది, రెండేళ్లకోసారి అని లెక్క, కోవిడ్ టైంలో వాయిదా పడింది. ఏసీ మ్యూజియంలా ఉండదు, సుగంధ ద్రవ్యాలు నిల్వ చేసిన పాత గోడౌన్లూ బ్రిటిష్ కాలం నాటి ఆఫీసులే గ్యాలరీలు.

మొదటిసారి 2017 ఫిబ్రవరిలో ఒక్కడినే వెళ్లా. బినాలే ప్రధాన వేదిక ఆస్పిన్‌వాల్ హౌస్‌లో చిలీ కవి రౌల్ జురీటా ఒక పెద్ద హాలు నిండా సముద్రం నీళ్లు పెట్టించారు. చెప్పులు విడిచి, ప్యాంటు పైకి మడిచి, చివరి గోడ దాకా నీళ్లలోనే నడవాలి. శరణార్థుల పడవ మునిగి చనిపోయి టర్కీ ఒడ్డుకి కొట్టుకొచ్చిన సిరియా పిల్లాడు అలాన్ కుర్దీ ఫోటో అందరం చూశాం కదా, అదే పడవలో వాడి అన్న గాలిప్ కూడా పోయాడు, వాడి ఫోటో మాత్రం మనం చూడలేదు, ఈ హాలు ఆ గాలిప్ కోసం. గోడ మీద రాసింది చదివేసి మళ్లీ అవే నీళ్లలో వెనక్కి రావాలి, వెళ్లేటప్పుడు పక్కవాళ్లతో మాట్లాడుతూ వెళ్లినోళ్లు కూడా వచ్చేటప్పుడు నోరు విప్పట్లేదు.

రెండోసారి 2019 జనవరిలో అమ్మతో వెళ్లా. శబరి ఎక్స్‌ప్రెస్‌లో ఎర్నాకుళం, అక్కడ జెట్టీ నుంచి గవర్నమెంట్ బోటు. టికెట్ పది రూపాయల లోపే, ఇరవై నిమిషాల్లో ఫోర్ట్ కొచ్చి, ఆటో కంటే వంద రెట్లు బాగుంటుంది. హోమ్‌స్టే విషయంలో మోసపోయాం, ఫోటోలో చూపించిన గది వేరు, ఇచ్చింది మేడ మీద రేకుల గది, అమ్మ మోకాళ్లతో రోజుకి నాలుగుసార్లు మెట్లెక్కింది పాపం. కింది ఫ్లోర్ గది కావాలని ఫోన్ చేసి కన్ఫర్మ్ చేసుకోండి. తిండికి ఇబ్బంది లేదు, పొద్దున పుట్టు (ఆవిరి మీద ఉడికించిన బియ్యప్పిండి), కడల కూర (నల్ల శనగల కూర) అమ్మకి తెగ నచ్చేసింది, లావు ఎర్ర బియ్యం అన్నం మాత్రం ముద్ద దిగలేదు.

శిల్పా గుప్తా చేసిన చీకటి గది ఈసారే చూశా. పైనుంచి వంద మైకులు వేలాడుతుంటాయి, రాతల వల్లో రాజకీయాల వల్లో జైలుకెళ్లిన వంద మంది కవుల మాటలు ఆ మైకుల్లోంచే వినిపిస్తాయి. భాష అర్థం కాకపోయినా ఒళ్లు జలదరిస్తుంది, కనీసం అరగంట కూర్చోండి.

ఇక అమ్మ ఆగిపోయిన చోటు. బంగ్లాదేశ్ ఆర్టిస్ట్ మార్జియా ఫర్హానా 2018 ఆగస్టు కేరళ వరదల్లో పాడైపోయిన ఇళ్లలోని సామాన్లు తెచ్చి పైకప్పు నుంచి వేలాడదీసింది. నేను చుట్టూ తిరిగి చూస్తున్నా, అమ్మ మాత్రం ఒక ఫ్రిజ్ దగ్గరే నిలబడిపోయింది. డోరు రబ్బరు మడతల్లో బురద ఎండి గట్టిపడిపోయి ఉంది. మాది కర్నూలు. 2009 అక్టోబర్లో తుంగభద్ర, హంద్రీ ఊళ్లోకి వచ్చినప్పుడు మా ఇల్లు మునిగింది, నీళ్లు తీశాక వారం రోజులు అమ్మ పాత టూత్‌బ్రష్‌తో సరిగ్గా ఆ రబ్బరు మడతల్లోనే మట్టి గీకింది, అయినా ఫ్రిజ్ పనిచేయలేదు, తూకానికి అమ్మేశాం. పదేళ్లుగా ఇంట్లో ఎవరం ఆ మాట ఎత్తలేదు.

ఇలాంటివి చూస్తే ఏమొస్తుంది అని అడిగేవాళ్లకి నేను ఈ గది గురించే చెప్తా. పేపర్లో వరద అంటే అంకెలు, ఇక్కడ మాత్రం ఒకళ్ల ఇంటి ఫ్రిజ్.

అక్కడ డ్యూటీలో ఉన్న అమ్మాయి వచ్చి వివరించబోయింది. అమ్మ తన కర్నూలు హిందీలో మా ఇల్లు కూడా పోయిందని చెప్పింది. ఆ పిల్లది కొచ్చి దగ్గరి ఆలువా ఊరు, వాళ్ల ఇల్లూ మునిగిందట. ఎంత దాకా వచ్చాయని అమ్మ అడిగితే ఆ పిల్ల చెయ్యి తల మీదకి ఎత్తి చూపించింది. అమ్మ తన చెయ్యి మెడ దగ్గర పెట్టి చూపించింది.