రైల్లో ఎయిర్‌పోర్టుకు: ఏళ్లుగా వాడుతున్న మనిషి మాట

ఎయిర్‌పోర్టుకు రైలు ఉన్న ఊరైతే నేను క్యాబ్ జోలికి పోను. చాలా ఏళ్లుగా ఇదే అలవాటు. స్పీడు కోసం కాదు, భరోసా కోసం. రోడ్డు మీద ముప్పావుగంట దారి కాస్తా వాన పడితే గంటన్నర అవుతుంది. రైలు మాత్రం పొద్దున్నైనా సాయంత్రమైనా దాదాపు అంతే సేపు తీసుకుంటుంది. ఫ్లైట్ ఉన్న రోజు ఆ టెన్షన్ లేకపోవడమే పెద్ద హాయి.

అలాగని ప్రతి ఎయిర్‌పోర్టు రైలూ మంచిదని చెప్పను. ప్రకటనల్లో గంటకు ఎన్ని కిలోమీటర్లో చెబుతారు. మనకు కావాల్సింది ఇంటి గుమ్మం నుంచి చెకిన్ కౌంటర్ దాకా ఎంతసేపు పడుతుంది, మధ్యలో పెట్టె ఎన్నిసార్లు ఎత్తి దించాలి అన్నది. షాంఘై ఎయిర్‌పోర్టు మాగ్లెవ్‌నే, అంటే అయస్కాంతాల బలంతో గాల్లో తేలుతూ పోయే రైలునే చూడండి. గంటకు 430 కిలోమీటర్ల వేగంతో, 30 కిలోమీటర్లను ఎనిమిది నిమిషాల్లో దాటేలా కట్టారు. కానీ అది ఆగేది నగరం నడిబొడ్డున కాదు, లాంగ్‌యాంగ్ రోడ్ స్టేషన్లో. అక్కడ దిగి చాలామంది మళ్లీ మెట్రో ఎక్కాల్సిందే. లండన్‌లో హీత్రూ ఎయిర్‌పోర్టు నుంచి హీత్రూ ఎక్స్‌ప్రెస్ 1998 నుంచి ప్యాడింగ్టన్ స్టేషన్‌కు పావుగంటలో చేరుస్తోంది. 2022లో మొదలైన ఎలిజబెత్ లైన్ అంతకంటే నెమ్మదే, అయినా నగరం మధ్యలోంచి నేరుగా పోతుంది. రెండింట్లో ఏదంటే, దిగి మారే పని తప్పించే రైలుకే నా ఓటు.

మారడం ఎంత కష్టమో లగేజ్‌తో వెళ్లేవాళ్లకే తెలుస్తుంది. మొదటి చిక్కు టికెట్ గేటు దగ్గరే. మామూలు గేటు ఇరుకు, పెట్టె ముందు దూరి మనం వెనక ఉండగానే తలుపులు మూసుకుంటాయి. చాలా స్టేషన్లలో ఒక పక్కన వెడల్పు గేటు ఉంటుంది, నేరుగా దాని దగ్గరికే వెళ్లండి. తర్వాత లిఫ్ట్. అది చాలాసార్లు ప్లాట్‌ఫామ్ ఏదో ఒక చివరన ఉంటుంది, అందుకే దిగాల్సిన స్టేషన్లో లిఫ్ట్ ఎటువైపో చూసుకుని ఆ వైపు బోగీ ఎక్కుతాను. నాలుగు చక్రాల సూట్‌కేసును నిలబెట్టి వదిలేస్తే బ్రేకు పడగానే అవతలి మనిషి కాళ్ల మీదికి పోతుంది. పక్కకు పడుకోబెట్టండి, లేదా మోకాళ్ల మధ్య బిగించి పట్టుకోండి.

ఈ విషయంలో ఢిల్లీ ఎయిర్‌పోర్ట్ ఎక్స్‌ప్రెస్ నాకు బాగా నచ్చింది. 2011లో మొదలైన ఈ లైన్‌లో స్టేషన్లు కొన్నే. బోగీలో లగేజ్‌కి వేరే చోటు ఉంది. న్యూఢిల్లీ, శివాజీ స్టేడియం స్టేషన్లలో కొన్ని విమాన సంస్థల లగేజ్ చెకిన్ ఏర్పాటు కూడా చేశారు. అయితే టికెట్ మీద టెర్మినల్ చూసుకోవాలి. ఈ లైన్ వెళ్లేది టెర్మినల్ 3కి. టెర్మినల్ 1కి మెజెంటా లైన్ ఎక్కాలి. ఈ తేడా తెలియకపోతే ఇంత హడావిడీ వృథా.

రైలు ఎంతసేపటికి ఒకటి వస్తుందో కూడా చూడండి. అరగంటకొకటి అంటే, ఒకటి తప్పిపోయిందంటే రైలు వల్ల కలిసొచ్చిన సమయమంతా అక్కడే పోయినట్టు. పది నిమిషాలకొకటి వస్తుంటే టైమ్ టేబుల్ చూసే పనే ఉండదు.

నాకు గట్టిగా అసంతృప్తి ఉన్నది వేళల మీద. తెల్లవారుజామున ఐదున్నరకు ఫ్లైట్ ఉంటే మూడున్నర, నాలుగుకల్లా అక్కడ ఉండాలి. చాలా మెట్రోల్లో అప్పటికి మొదటి రైలే కదలదు. రాత్రి ఫ్లైట్ ఆలస్యమై అర్ధరాత్రి దాటాక దిగితే ఆఖరి రైలు వెళ్లిపోయి ఉంటుంది. కష్టమైన వేళలోనే మళ్లీ క్యాబ్ వెతుక్కోవాలి. ఇది తీర్చలేని సమస్యేం కాదు. ఆమ్‌స్టర్‌డామ్ స్కిపోల్ ఎయిర్‌పోర్టులో స్టేషన్ టెర్మినల్ కిందే ఉంది, రాత్రిపూట కూడా పెద్ద నగరాలకు గంటకో రైలు నడుస్తుంది. ప్రతి ఊళ్లోనూ రాత్రంతా నడపమని అడగను. మొదటి ఫ్లైట్ చెకిన్‌కి అందేలా తెల్లవారుజామున ఒకటి, ఆఖరి ఫ్లైట్ దిగాక ఇంకొకటి ఉంటే, పసిపిల్లలతోనూ పెద్దవాళ్లతోనూ వెళ్లేవాళ్లకి కూడా నేను రైలే ఎక్కమని చెబుతాను.