విశాఖలో సిస్టర్లతో ఒకే బల్ల చుట్టూ

ఏలూరులో రత్నాచల్ ఎక్కేటప్పటికి మేం తొమ్మిది మందిమి. నలుగురు సిస్టర్లు, అంటే క్యాథలిక్ సన్యాసినులు, మిగతా ఐదుగురం గృహస్థులం. సిస్టర్లు నడిపే డిస్పెన్సరీలో ఇరవై రెండేళ్లుగా నేను నర్సుని. ఆ డిస్పెన్సరీలు, హాస్టళ్లు, స్కూళ్లు రేపు ఎవరు చూసుకోవాలి, అందులో మాలాంటివాళ్ల పాలెంత అని కలిసి తేల్చుకోవడానికి విశాఖలో సమావేశం పెట్టారు. శుక్రవారం నుంచి ఆదివారం దాకా. మేం ఒకరోజు ముందే బయల్దేరాం.

ముందే రావడం వల్ల మొదటి రాత్రి స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో ఉండాల్సి వచ్చింది. మూడో అంతస్తులో గదులిచ్చారు. లిఫ్ట్ పనిచేయడం లేదని అక్కడికి వెళ్లాకే తెలిసింది. మాతో ఉన్న పెద్ద సిస్టర్‌కి డెబ్బై నాలుగేళ్లు, మోకాళ్ల నొప్పులు. ఒక్కో మలుపు దగ్గర ఆగి, గోడ పట్టుకుని ఎక్కారు. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు అద్దె ఎంతో అడిగే ముందు లిఫ్ట్ సంగతి అడగండి. వేన్నీళ్లు పొద్దున్న ఒక్క గంటే వస్తాయని కూడా ముందే తెలుసుకుంటే మంచిది.

మర్నాడు పొద్దున్నే స్టేషన్ వెనకవైపున్న జ్ఞానాపురం వెళ్లి, పునీత పేతురు కతీడ్రల్‌లో, అంటే బిషప్ గారి పెద్ద గుడిలో, పూజకి కూర్చున్నాం. రైలు దిగి సామానుతోనే పూజకి వెళ్లాలనుకునేవాళ్లు వెనక గేటు నుంచి బయటికి వస్తే సరిపోతుంది, ఊరు చుట్టి రానక్కర్లేదు.

సమావేశం జరిగిన ధ్యానకేంద్రం బీచ్ రోడ్డుకి నడిచి వెళ్లేంత దూరంలోనే ఉంది. చిన్న గది, ఒక మంచం, ఫ్యాను, దోమతెర. బాత్రూములు ఉమ్మడివే అయినా శుభ్రంగా ఉన్నాయి. భోజనం మాత్రం లాడ్జి పక్కన తిన్నదానికి పది రెట్లు నయం. పొద్దున్న పెసరట్టు, అల్లం పచ్చడి. శుక్రవారం మధ్యాహ్నం కోనాం పులుసు. మేం వంజరం అనే చేపనే ఇక్కడివాళ్లు కోనాం అంటారు. వడ్డించే అమ్మాయి "ఏటమ్మా, ఇంకో ముక్క ఎయ్యమంటారా" అని అడిగి అడిగి పెట్టింది.

లోటు అని చెప్పాల్సింది ఒకటుంది. మొదటి రోజు ప్రసంగాలన్నీ ఇంగ్లీషులోనే సాగాయి. కేరళ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన సిస్టర్లు ఉన్నారు కాబట్టి అలా పెట్టారట. కానీ మా వరసలో కూర్చున్నవాళ్లలో సగం మందికి ఒక్క ముక్క అర్థం కాలేదు. భవిష్యత్తు గురించి మాట్లాడడానికి పిలిచి, మాట్లాడేది అర్థం కాకపోతే ఎలా? సాయంత్రం నేను, మరో ఇద్దరం వెళ్లి ఆ మాటే చెప్పాం. వాళ్లు నొచ్చుకోలేదు. రెండో రోజు నుంచి తెలుగులోనే జరిపి, తెలుగు రానివాళ్ల పక్కన ఒక్కొక్కరిని కూర్చోబెట్టి చెప్పించారు.

ఆ తర్వాతే అసలు సమావేశం మొదలైందంటాను. 2023లో రోములో పోపు గారు పిలిచిన సినడ్‌లో, అంటే బిషప్పుల మహాసమావేశంలో, పాటించిన పద్ధతినే ఇక్కడా పెట్టారు. గుండ్రటి బల్లల చుట్టూ కలిసి కూర్చోవడం, ఒక్కొక్కరు సమానంగా మాట్లాడడం, మధ్యలో మౌనంగా ప్రార్థించడం, తర్వాత ఎదుటివాళ్ల మాటల్లో మనసుకి తగిలింది చెప్పడం. రోములో ఆ సినడ్‌లోనే ఆడవాళ్లకి మొదటిసారి ఓటు ఇచ్చారు. మా బల్ల దగ్గర కొల్లేరు లంకల నుంచి వచ్చిన ఒక అక్క ఉంది, హాస్టల్లో వంట చేస్తుంది. తన వంతు వచ్చినప్పుడు చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత ఒక్కసారిగా అంది: "ఏడాదికోసారి పండక్కి పిలిచి చీర పెట్టి పంపిస్తారు సిస్టర్ గారూ. అది వద్దనను. లెక్కల పుస్తకం కూడా ఒకసారి మా ముందు పెట్టండి. బియ్యం ఎందుకు తగ్గిస్తున్నారో మాకూ తెలుస్తుంది."

బల్ల దగ్గర ఎవరూ కదల్లేదు. మోకాళ్ల నొప్పుల సిస్టరే మెల్లగా జవాబిచ్చారు: "మాకు పని చేయడమే నేర్పారమ్మా, అప్పగించడం నేర్పలేదు. ఇప్పుడు నేర్చుకోవాలి." యాభై ఏళ్లుగా పేదల మధ్య బతికిన మనిషి అలా ఒప్పుకోవడం చూశాక నాకు ఆవిడ మీద గౌరవం ఇంకా పెరిగింది. ఆదివారం సాయంత్రానికి ఒక నిర్ణయం తీసుకున్నాం. జూన్ నుంచి సిస్టర్లుండే ప్రతి ఇంట్లో ఖర్చుల మీటింగ్‌లో ఇద్దరు గృహస్థులు కూర్చుంటారు, వాళ్ల సంతకం కూడా ఉంటుంది. స్కూళ్ల సంగతి తేలలేదు, వచ్చే ఏడాదికి వాయిదా పడింది.

సోమవారం పొద్దున్న పాత ఊళ్లో రాస్ హిల్ ఎక్కాం. పక్కపక్కనే మూడు కొండలు, ఒకదాని మీద మరియ తల్లి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద వెంకటేశ్వరస్వామి కోవెల. పై నుంచి పోర్టులోకి వచ్చే ఓడలు, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తాయి. ఫ్రాన్సులోని ఆన్సీ నుంచి పునీత జోజప్ప సభ అనే సన్యాసినుల సంఘం సిస్టర్లు 1849లో ఈ తీరానికే వచ్చారు. అప్పటికి మన దేశంలో ప్రయాణికుల రైలు లేదు, సూయజ్ కాలువ తవ్వలేదు. మా సిస్టర్లది వేరే సభ అయినా, అక్కడ నిలబడి సముద్రం చూస్తుంటే ఆ సిస్టర్లే గుర్తొచ్చారు. ఎండెక్కక ముందే వెళ్లండి, నీళ్ల సీసా మర్చిపోవద్దు.

సాయంత్రం ఆర్కే బీచ్‌లో జలాంతర్గామి మ్యూజియం చూద్దామనుకున్నాం. సోమవారం సెలవని ముందు చూసుకోలేదు. గట్టు మీద కూర్చుని ముంత మసాలా తిన్నాం. అక్కడ నీళ్లలోకి మాత్రం దిగొద్దు, కెరటం లాగేస్తుంది.

మంగళవారం తిరుగు రత్నాచల్‌లో పెద్ద సిస్టర్ నా పక్కనే కూర్చున్నారు. తుని దాటాక చేతిసంచిలోంచి డైరీ తీశారు. "జూన్ మీటింగ్ నీకు డ్యూటీ లేని రోజు పెడదాం. ఏ రోజు?" గురువారం అన్నాను. రాసుకుని, పక్కన నా పేరు కూడా రాశారు.