రెండేళ్లు వాడిన నంబర్ సిరీస్ పుస్తకం, పదిహేడు దిద్దుబాట్లతో

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర పాత పుస్తకాల్లో 80 రూపాయలకు దొరికింది. అట్ట అప్పటికే ఊడిపోయింది. రెండేళ్లుగా నకిరేకల్ బస్సులో, జిల్లా గ్రంథాలయంలో పోటీ పరీక్షల కోసం నా చేతిలో ఇదే. పేరు మాత్రం చెప్పను, ఎందుకో కింద చదివితే మీకే తెలుస్తుంది.

మొదటి అధ్యాయం ఒక్కటే పెట్టిన పైసలకు సరిపోతుంది. బిట్ చూడగానే ఆప్షన్లలోకి దూకే అలవాటు నాది. ఇది దాన్ని మాన్పించి, పక్కపక్క సంఖ్యల తేడాలు కింద రాయించింది. 4, 5, 14, 39, 88 తర్వాత ఎంత? ఊరికే చూస్తే ఏమీ తోచదు. తేడాలు రాస్తే 1, 9, 25, 49. అన్నీ బేసి సంఖ్యల వర్గాలే! తర్వాతి తేడా 81, జవాబు 169. ఇది తట్టిన రోజు నేను దిగాల్సిన స్టేజీ దాటిపోయింది.

వరుసలో ఇమడని సంఖ్యను పట్టుకోవాల్సిన రాంగ్ నంబర్ బిట్లకు మాత్రం రెండే పేజీలిచ్చి వదిలేశారు. 5, 11, 23, 47, 97, 191 తీసుకోండి. తేడాలు 6, 12, 24, 50, 94. రెట్టింపవుతూ వచ్చి చివర్లో తప్పాయి, 48, 96 రావాలి. మధ్యలో ఒక్క సంఖ్య తప్పైతే అటొకటి ఇటొకటి రెండు తేడాలు చెడతాయి. ఆ రెండింటి నడుమ ఉన్న 97 దొంగ, అక్కడ 95 ఉండాలి. ఈ కిటుకు గ్రంథాలయంలో పక్క కుర్చీ అన్న చెప్పిందే, పుస్తకంలో లేదు.

ఇక జవాబుల కీ. 3, 7, 15, 31, 63 తర్వాత 125 అని అచ్చేశారు. రెండింతలు చేసి ఒకటి కలిపితే 127 కదా! నాకే రావట్లేదేమోనని అరగంట తల పట్టుకున్నాను. అన్నకు చూపిస్తే, ‘కీ తప్పు తమ్మీ, కొట్టేసి రాసుకో’ అన్నాడు. అట్లా ఇప్పటికి పదిహేడు దిద్దాను.

షార్ట్‌కట్ల అధ్యాయం దండగ. 30 దాకా వర్గాలు, 15 దాకా ఘనాలు నోటికొస్తే దాంతో పనే లేదు. తేడాలకు తేడాలు, వాటికి మళ్లీ తేడాలు అంటూ మూడు దొంతరలు తీయాల్సిన బిట్లు కూడా నేను వదిలేశాను. రైల్వేలో క్లర్కు, స్టేషన్ మాస్టర్ లాంటి ఉద్యోగాలకు పెట్టే ఎన్టీపీసీ మొదటి పరీక్షలో 90 నిమిషాలకు 100 ప్రశ్నలు, తప్పుకు మూడో వంతు మార్కు కోత. ఒక్క బిట్ మీద ఐదు నిమిషాలు కూర్చునే టైం ఎక్కడిది?

ఐదుకు మూడిస్తా. ఇప్పుడు పుస్తకం మా చెల్లె దగ్గర ఉంది. నిన్న పద్దెనిమిదో తప్పు పట్టింది.