ఆల్బమ్ డిజైన్ పీసీ: మూడేళ్ల వాడకం తర్వాత

పెళ్లి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు, డెకరేషన్ వాళ్లకు మండపాల త్రీడీ డిజైన్లు చేయడం నా పని. ఉండేది ఖమ్మంలో. 2023 మొదట్లో సికింద్రాబాద్‌లోని కంప్యూటర్ల మార్కెట్ సీటీసీలో పార్టులు కొనుక్కొచ్చి ఇంట్లోనే బిగించుకున్న పీసీ ఇది: రైజెన్ 5 5600 ప్రాసెసర్, బీ550 బోర్డు, 16 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు, 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎన్‌వీఎంఈ (వేగంగా నడిచే ఎస్ఎస్‌డీ), 650 వాట్ల బ్రాంజ్ ఎస్ఎంపీఎస్ (పార్టులన్నిటికీ కరెంటు అందించేది). మానిటర్, యూపీఎస్ కాకుండా 75 వేల లోపే అయింది. ఇప్పటికీ నాకు అన్నం పెడుతున్నది ఇదే.

పీసీ అనగానే అందరూ అడిగేది "ఐ5ఆ, ఐ7ఆ?" అని. మన పనికి అది మూడో ప్రశ్నో, నాలుగో ప్రశ్నో. ముందు చూడాల్సింది మెమరీ. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తున్న ఫ్లెక్సీని 72 డీపీఐలో, సీఎంవైకేలో (ప్రింటింగ్ ఇంకు రంగుల పద్ధతి) చేస్తే నిండుగా ఉన్న ఒక్క లేయరే దాదాపు 600 ఎంబీ. 12x36 అంగుళాల ఆల్బమ్ షీటు 300 డీపీఐలో లేయరుకు 115 ఎంబీ దాటుతుంది. పుట్టినరోజు ఫ్లెక్సీలో వెనక రంగులు, మెరుపులు, నీడలు అన్నీ వేసేసరికి 16 జీబీ ర్యామ్ నిండిపోయి ఫొటోషాప్ స్క్రాచ్ డిస్క్ మీద, అంటే ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్క్ మీద పడుతుంది. ఆ డిస్క్ పాత హార్డ్ డిస్క్ అయితే ఒక్క అన్‌డూ కొట్టి టీ తాగి రావచ్చు. అందుకే ప్రాసెసర్ మీద మిగిల్చిన డబ్బు ర్యామ్‌కీ ఎన్‌వీఎంఈకీ పెట్టాను. డబ్బా మీద 3200 అని రాసి ఉన్నా, బయాస్‌లో ఎక్స్‌ఎంపీ అనే సెట్టింగ్ ఆన్ చేసేదాకా ర్యామ్ చాలాసార్లు అంత వేగంతో నడవదు. బిగించి ఇచ్చేవాళ్లు చాలామంది ఈ సంగతి వదిలేస్తారు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర చాలా ఆలోచించాను. ఇంకొంచెం పెడితే 3060 టీఐ వచ్చేది, వేగంలో అదే మేలు. కానీ దాని మెమరీ 8 జీబీ. మండపం సీన్‌లో పట్టు పరదాలు, షాండ్లియర్లు, పూలతోరణాలు ఉంటాయి. ఒక్క 4కే టెక్స్చరే 64 ఎంబీ, అలాంటివి పదుల్లో పడతాయి. నేను వాడే బ్లెండర్‌లోని సైకిల్స్‌లో సీన్ కార్డు మెమరీలో పట్టకపోతే రెండర్ (సీన్‌ను చివరి బొమ్మగా తీయడం) నత్తనడక నడుస్తుంది, లేదా మెమరీ చాలదని అసలుకే ఆగిపోతుంది. అప్పుడు టీఐ వేగం ఎందుకూ కొరగాదు. 12 జీబీ తీసుకున్నందుకు ఈ మూడేళ్లలో ఇబ్బంది పడింది చాలా తక్కువ. బంతిపూలను షిఫ్ట్-డితో కాకుండా ఆల్ట్-డితో కాపీ చేయడం అలవాటు చేసుకోండి. వేల పూలున్నా మెష్ (పువ్వు ఆకారం) ఒక్కటే ఉంటుంది కాబట్టి కార్డు మీద బరువు పడదు.

3060 కొనేవాళ్లు పెట్టె మీద మెమరీ ఎంతో చదివి తీసుకోండి. 2022 చివర్లో ఇదే పేరుతో 8 జీబీ రకం కూడా వచ్చింది, దానికి 192 బిట్ బదులు 128 బిట్ మెమరీ బస్సే, అంటే డేటా నడిచే దారి ఇరుకు. సెకండ్ హ్యాండ్‌లో చూస్తే బిల్లు, మిగిలిన వారంటీ అడగండి. 2022 సెప్టెంబర్‌లో ఇథీరియం అనే క్రిప్టో కరెన్సీకి కార్డులతో చేసే మైనింగ్ ఆగిపోయాక రాత్రింబవళ్లు నడిచిన కార్డులు మార్కెట్లోకి బోలెడు వచ్చాయి.

ఈ కార్డు ఆల్బమ్ పనికీ బాగా ఉపయోగపడింది. అర్ధరాత్రి ముహూర్తాల ఫొటోల్లో గ్రెయిన్ ఎలా ఉంటుందో తెలిసిందే. 2023 ఏప్రిల్‌లో లైట్‌రూమ్‌కి ఆ గ్రెయిన్ తీసేసే ఏఐ డీనాయిజ్ వచ్చింది. అది పూర్తిగా గ్రాఫిక్స్ కార్డు మీద ఆధారపడే పని. కార్డు లేని మా తమ్ముడి ల్యాప్‌టాప్‌లో అదే ఫొటో పెడితే ఎంతసేపు పడుతుందో చెప్పను, వాడికి కోపమొస్తుంది.

ఎస్ఎంపీఎస్ గురించి ఒక మాట. ఒక షాపులో క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చే 450 వాట్లది చాలని తెగ ఒప్పించబోయారు. ఊరూ పేరూ లేని లేబుల్ మీది వాట్లను నమ్మి 28 వేల కార్డును దానికి తగిలించే ధైర్యం నాకు లేదు. ఈ కార్డుకే 170 వాట్లు కావాలి. యూపీఎస్ కూడా 600 వీఏది చాలదు, అది ఇచ్చేది సుమారు 360 వాట్లు. రెండర్ నడుస్తుండగా కరెంటు పోతే మానిటర్‌తో కలిపి అంచు దాకా వెళ్తుంది. 1 కేవీఏ తీసుకోండి, వీలైతే సైన్ వేవ్ రకం.

మే నెల ఎండలకు ముందువైపు గాజు ఉన్న క్యాబినెట్ పనికిరాదు, జాలీ ఉండాలి. దుమ్ము పడుతుంది, నెలకోసారి ఊదుకోవాలి, తప్పదు. ప్రాసెసర్‌తో వచ్చే చిన్న కూలర్ ఎండాకాలం గోల చేస్తుంది. రెండు వేల లోపు టవర్ కూలర్ పెడితే చాలు. 5600కి సొంత డిస్‌ప్లే లేదు, అదో లోటు. కార్డు సర్వీసుకు వెళ్లిందంటే సిస్టం మొత్తం మూలన కూర్చున్నట్టే.

మానిటర్ ఐపీఎస్‌దే, ఎస్‌ఆర్‌జీబీ (తెర మీది రంగుల ప్రమాణం) 99 శాతం ఉన్నదే తీసుకున్నాను. రాణీ కలర్ చీర మాత్రం ఎంత మంచి మానిటర్‌లో చూసి చేసినా ఫ్లెక్సీలో మసకబారుతుంది. ఆ రంగు సీఎంవైకేలో లేదు. ఇది కస్టమర్‌కు ముందే చెప్పేస్తే గొడవ ఉండదు.

2025 చివర్లో ర్యామ్ ధరలు బాగా పెరిగాయి. ఇప్పుడు కొత్తగా కొనేవాళ్లు నాలుగు స్లాట్ల బోర్డు తీసుకుని, ముందు 16 జీబీ స్టిక్ ఒక్కటి వేసుకుని నడిపించినా ఫర్వాలేదు. తర్వాత రెండోది చేర్చుకోవచ్చు. నా బోర్డులో 12 కోర్ల 5900ఎక్స్ కూడా పడుతుంది గానీ, రెండర్ అంతా కార్డు మీదే నడుస్తున్నప్పుడు ప్రాసెసర్ మార్చే తొందర లేదు. ఈ సీజన్ డబ్బులు రెండో ఎస్ఎస్‌డీకే.